చిటికెన వేలు

చాంపియన్ రీఫ్స్‌లో శిశువిహారం తెరిచి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లలో టీచరు తాయమ్మ పగటిపూట తాగిన నీళ్లన్నీ కలిపినా ఒక బిందె నిండదు. ఇది గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదు. ఆమె మాత్రం కొంచెం గొప్పగానే చెప్పుకునేది.

పొద్దున ఇంటి దగ్గర ఒక లోటా కాఫీ. మళ్లీ నీళ్లు నోట పడేది సాయంత్రం ఏడింటికి, ఆఖరి బిడ్డను వాళ్లమ్మ చేతికిచ్చిన తర్వాతే. మైన్స్ మూతపడ్డాక ఆ ఊళ్లో బంగారం పోయి రైలు మిగిలింది. తల్లులు తెల్లారేసరికి ఆ రైలెక్కి బెంగళూరుకు పనులకు పోతారు. పోతూ పోతూ పద్దెనిమిది మంది పిల్లలను తాయమ్మకూ ఆయా మునివెంకటమ్మకూ అప్పజెబుతారు. ముక్కులు తుడవడం, ముద్దలు పెట్టడం, ఏడుపులు మాన్పడం, అన్నీ వీళ్లిద్దరే.

ఇంతకీ నీళ్లు ఎందుకు తాగదంటే, తాగితే పోయే చోటు లేదు. పాత మైన్ లైనులోని రెండిళ్ల నడిమి గోడ కొట్టి ట్రస్టు వాళ్లు ఆ బడి చేశారు. పిల్లల కోసం ఒక మూల ముద్దొచ్చే మరుగుదొడ్డి కట్టారు. బేసిన్లు మోకాలి ఎత్తు, తలుపు సగమే. పిల్లలు లోపల ఏంచేస్తున్నారో బయటినుంచి కనబడాలని ఎవరో తెలివిగా ఆలోచించారు. అందులో తాయమ్మ నిలబడితే నడుం పైభాగమంతా తరగతిలోనే ఉంటుంది, కూర్చుంటే మోకాళ్లు తరగతిలోకి వస్తాయి. పెద్దవాళ్లకు వేరేగా ఒకటి కట్టాలన్న కాగితం మాత్రం 'ఎస్టిమేట్‌లో' ఉంది. మొదటి సంవత్సరం నుంచీ అక్కడే ఉంది.

ఎదురింటి చౌడప్ప పెరట్లో ఒకటుంది. దానికి రెండు అడ్డంకులు. ఒకటి, పిల్లలుండగా ఇద్దరిలో ఎవరూ గడప దాటకూడదని ట్రస్టు రూలు. ఒకసారి ఒక బిడ్డ కనుమరుగై గని వ్యర్థాల సైనైడు దిబ్బ దాకా పోయిన తర్వాత పుట్టిన రూలది. దాన్ని తప్పుపట్టడానికి తాయమ్మకే మనసు రాదు. రెండో అడ్డంకి చౌడప్ప. ముప్పై ఏళ్లు గని షాఫ్టు దగ్గర మనుషులను దించే వైండింగ్ ఇంజను నడిపిన మనిషి. ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు అన్న లెక్క రిటైరైనా ఆయన్ని వదలలేదు. ఆ రూలు రాకముందు ఆమె పోతే, అరుగు మీద కూర్చుని, "ఈ పొద్దు రెండోతూరి, తాయమ్మా" అని లైనంతా వినబడేలా చెప్పేవాడు. అంతటితో ఆమె ఆ ఇంటికి పోవడం మానేసింది, నీళ్లు తాగడమూ మానేసింది.

ఒంటికి పోవడానికి పిల్లలకు మాత్రం చక్కటి పద్ధతి నేర్పింది. చిటికెన వేలు ఎత్తి చూపాలి. తాయమ్మ చూసి, "పో. పోయి చేతులు కడుక్కోని రా" అంటుంది. రోజుకు నూరుసార్లు అనే మాట అది. నూరుసార్లూ ఆమెకు లోపల ఎక్కడో కాస్త అసూయగానే ఉండేది.

ఆ ఏడాది ఆమెకు రెండుసార్లు జ్వరం, మంట, నడుంనొప్పి వచ్చాయి. రెండోసారి డాక్టరమ్మ మందులు రాసి, కలం పక్కన పెట్టి మరీ చెప్పింది. "మూడోతూరి వస్తే కిడ్నీకి పోతాది. అప్పుడు ఉద్యోగం మాట మరిచిపోవల్ల. నీళ్లు తాగు తాయమ్మా, అంతే." ఆ సంగతి తాయమ్మ మునివెంకటమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే ఇంట్లోవాళ్లు మాన్పించేస్తారు. ఆ పద్దెనిమిది మంది లేకుండా పగలు ఎలా గడుస్తుందో ఆమె ఊహించలేదు. ఊహించబోతేనే ఏడుపొచ్చేది.

సరిగ్గా అప్పుడే క్షేమం వచ్చిపడింది.

ట్రస్టు కింద అలాంటి శిశువిహారాలు అయిదున్నాయి. అయిదింటి ఆడవాళ్లనూ ఒక ఆదివారం రాబర్ట్‌సన్‌పేటలో ఒక హాలుకు పిలిచారు. బెంగళూరు నుంచి శ్రీరక్ష అనే అమ్మాయి వచ్చింది. పిల్లలను చూసుకునేవాళ్లు తమను తాము చూసుకోవడం ఎలాగో నేర్పడానికి వచ్చిందట. అందరినీ చాప మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది.

"మీ లోపల ఒక నది పారుతా ఉంది. ఆ శబ్దం వినండి" అంది మెల్లగా.

మునివెంకటమ్మ ఒక కన్ను తెరిచి తాయమ్మ చెవిలో, "నది మాట ఎత్తొద్దని చెప్పమ్మా ఆ పాపకు. ముందే పొద్దున్నుంచి బిగబట్టుకోని ఉండాను" అంది. తాయమ్మకు నవ్వాగలేదు. నవ్వు మరింత ప్రమాదమని తెలిసి పెదవి కొరుక్కుంది.

అలాగని శ్రీరక్షను తీసిపారేయడానికి లేదు. ఆఖరున ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "బిడ్డలను మీరు చూస్తారు. మిమ్మల్ని ఎవరు చూస్తారు?" ఆ మాట ఇంతవరకు తనను ఎవరూ అడగలేదని తాయమ్మకు అప్పుడే తట్టింది. పక్క వరసలో ఎవరో ముక్కు చీదారు.

ఇంటికి పోయేముందు తలా ఒక పుస్తకం ఇచ్చారు. అట్ట మీద నవ్వుతున్న పొద్దుతిరుగుడు పువ్వు, కింద 'నా క్షేమం' అని అక్షరాలు. రోజూ నాలుగు గళ్లు నింపాలి. ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు, ఎన్ని గంటలు నిద్రపోయారు, మీకోసం మీరు ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, ఈ రోజు మనసుకు బరువైనదేమిటి. నెలాఖరుకు అందరికన్నా బాగున్న పుస్తకానికి బహుమానం.

శ్రీరక్ష ఆ పుస్తకాన్ని అద్దం అనుకుని ఇచ్చింది. తాయమ్మ దాన్ని రిజిస్టరు అనుకుని తీసుకుంది. వచ్చిన చిక్కంతా అక్కడే. హాజరు రిజిస్టరు, పాల రిజిస్టరు, తూకం రిజిస్టరు, నాలుగేళ్లుగా ఆమె చేయి ఆగింది లేదు. ఖాళీ గడి కనబడితే చాలు, ఆ చేతికి పైవాళ్లు మెచ్చే అంకె దానంతటదే వచ్చేస్తుంది.

రెండో తారీకున పిల్లలు నిద్రపోతుండగా నెల మొత్తం నింపేసింది. నీళ్లు ఎనిమిది, నిద్ర ఎనిమిది, తనకోసం ముప్పై నిమిషాలు. మనసుకు బరువైనది, ఏమీ లేదు.

"అన్ని దినాలూ ఎనిమిదే అయితే ఎవురు నమ్ముతారు? నడాన ఒకనాడు ఏడు రాయి" అని సలహా ఇచ్చింది మునివెంకటమ్మ. అది బాగుందనిపించి తాయమ్మ అక్కడక్కడా ఏడు వేసింది. ఒకే రోజు రాసినట్టు కనబడకుండా నీలం, నలుపు, ఎరుపు, మూడు పెన్నులు మార్చింది. మునివెంకటమ్మకు చదువు రాదు కాబట్టి ఆమె పుస్తకమూ తనే నింపింది.

"నీకు నిద్ర ఎంత రాయల్ల, అక్కా?"

"తొమ్మిది గంటలు రాయమ్మా. రాతలోనన్నా నిద్రపోనీ."

నెల తిరిగింది. ఒక బుధవారం జలజ మేడం ఫోన్ చేసింది. అయిదు కేంద్రాలనూ స్కూటీ మీద తిరిగి చూసే సూపర్‌వైజరు ఆమె. అందరి పుస్తకాల్లోకీ తాయమ్మ పుస్తకమే బాగుందట. శుక్రవారం తనే వచ్చి బహుమానం ఇచ్చి ఫోటో తీసుకుంటుందట. బహుమానం ఏమిటంటే, స్టీలు నీళ్ల సీసా. ఒకటిన్నర లీటరుది.

తాయమ్మ ఫోన్ పెట్టేసి నేల మీద కూలబడింది. అబద్ధం రాసినందుకు ఇంతగా సిగ్గుపడతానని ఆమె అనుకోలేదు. మునివెంకటమ్మ మాత్రం విరగబడి నవ్వింది.

"తా దూర సందు లేదు, మెడకో డోలని దీన్నే అంటారు. పోయేదానికి చోటు ఇయ్యలా, తాగేదానికి సీసా ఇస్తాండారు."

"మూడుసార్లు అడిగితిని అక్కా. చూస్తాము అంటాది, డైరీలో రాసుకుంటాది, పోతాది."

"అడిగితే యాడ తెలుస్తాది? తగిలితే తెలుస్తాది." మునివెంకటమ్మ కళ్లు చిన్నవయ్యాయి. తన ఊరు టేకల్‌లో మొండి ఆవులను మేతతో మాయచేసి పాలు పిండిన మనిషి ఆమె. "మేడం వస్తాదా? రానీ. తాపిస్తాము. కడుపు నిండా తాపిస్తాము. ఇంగ పోయేదానికి యాడికి పోతాదో ఆయమ్మే చూసుకుంటాది."

తప్పు కదా అని తాయమ్మ అంది. ఆ అనడంలో పెద్ద పట్టుదల ఏమీ లేదు.

శుక్రవారం పదకొండింటికి జలజ మేడం దిగింది. గంజిపెట్టిన నూలుచీర, భుజానికి పెద్ద సంచి, యాభై దాటిన మొహంలో అలసట. అప్పటికే రెండు కేంద్రాలు చూసి వచ్చింది. ఆమె కూర్చుందో లేదో మునివెంకటమ్మ ఎళనీళ్ల కాయ, లేత కొబ్బరిబోండాం ఒకటి, చేతిలో పెట్టింది.

"మా ఊరి కాయ మేడం. పొద్దున తమ్ముడు బస్సులో పంపించినాడు."

"అయ్యో, ఎందుకమ్మా ఇదంతా" అంటూనే మేడం పక్కనున్న రక్షితను దగ్గరికి తీసుకుంది. నాలుగేళ్ల గడుగ్గాయి అది. "ఏమి బంగారూ, దాహమా నీకు?" అని కాయ దాని నోటికి పెట్టింది. రక్షిత గటగటా తాగేసింది. అతిథి ముందు కాయ పెట్టి ఇంటావిడ ఊరికే చూస్తూ కూర్చోకూడదు గనక తాయమ్మ కూడా ఒకటి తాగింది.

తర్వాత మజ్జిగ వచ్చింది. "జలుబమ్మా" అంది మేడం. తాయమ్మ తాగింది. రాగి అంబలి వచ్చింది. "శుక్రవారం, ఒక్కపొద్దు" అంది మేడం. "ఒక్కపొద్దుకు అంబలి వద్దంటే కాఫీ తాగల్ల" అని మునివెంకటమ్మ రెండు పెద్ద గ్లాసులతో కాఫీ తెచ్చింది. అంబలి అప్పటికే తాయమ్మ కడుపులో ఉంది. మర్యాద కోసం ఒక గ్లాసు కాఫీ కూడా దాని వెంట పోయింది.

ఈసారి మేడం కూడా రెండో గ్లాసు అందుకుంది. పెదవికి తాకించింది, దించింది. మాట్లాడుతూ మళ్లీ తాకించింది, దించింది. "బాగుంది కాఫీ" అని మెచ్చుకుంది. తాయమ్మ ఆ గ్లాసులోకి చూసింది. కాఫీ ఎక్కడిదక్కడే ఉంది. నురగ కూడా చెదరలేదు.

తాయమ్మ ఉలిక్కిపడింది. ఆ విద్య ఆమెకు బాగా తెలుసు. పెళ్లిళ్లలో, మీటింగుల్లో, ఎవరింటికి పోయినా తను చేసేది అచ్చంగా అదే.

ఆ ఆలోచన ముందుకు సాగలేదు. ఎందుకంటే నాలుగేళ్లుగా ఎండబెట్టిన ఒంట్లోకి అరగంటలో నాలుగు లోటాలు పోయాయి. అవి ఊరికే కూర్చునే రకం కాదు. తవ్వుకున్న గోతిలో ఎవరు పడ్డారో తాయమ్మకు స్పష్టంగా తెలిసివచ్చింది. మునివెంకటమ్మకూ తెలిసింది. గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఆ మనిషి గోడవైపు తిరిగింది.

"ఇంగ ఫోటో" అంది మేడం. సంచిలోంచి సీసా తీసింది. అది నిండుగా ఉంది. "ఒక గుక్క తాగు తాయమ్మా, సహజంగా వస్తుంది."

తాయమ్మ తాగింది.

"కండ్లు మూసినావు. మళ్లీ తాగు."

తాయమ్మ మళ్లీ తాగింది. తాగుతూ ఒక కాలు మీద మరో కాలు వేసుకుంది. ముఖం ఎర్రబడింది, నుదుట చెమట పట్టింది. పద్దెనిమిది మంది పిల్లలూ ఆమెనే చూస్తున్నారు. వాళ్లకు తెలియని నొప్పి కాదది.

రక్షిత లేచి వచ్చి టీచరమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగింది. "టీచరమ్మా, నీకు ఒంటికొచ్చిండాది. ఏలు చూపించల్ల" అంది గట్టిగా. పాఠం బాగా వచ్చిన పిల్ల కాబట్టి తన చిటికెన వేలు ఎత్తి ఎలాగో కూడా చూపింది.

నలభై ఆరేళ్ల తాయమ్మ, నాలుగేళ్ల నుంచి ఎన్ని వేళ్లకో జవాబు చెప్పిన తాయమ్మ, కళ్లనిండా నీళ్లతో జలజ మేడం వైపు తిరిగి చిటికెన వేలు ఎత్తింది.

మేడం ఫోన్ దించేసింది. "పో" అంది. "రూలు సంగతి నేను చూసుకుంటాను, పో."

తాయమ్మ గడప దాటి ఎలా పరుగెత్తిందో లైనంతా చూసింది. అరుగు మీద చౌడప్ప తల ఎత్తి, "ఎన్నాళ్లకు దిగినావు తాయమ్మా" అన్నాడు. ఆమె వినిపించుకునే స్థితిలో లేదు.

తిరిగి వచ్చేసరికి మేడం నేల మీద కూర్చుని ఉంది. రక్షిత ఆమె ఒళ్లో ఉంది. తిట్లకు సిద్ధమై తాయమ్మ తల వంచుకుంది.

"ఎనిమిది గ్లాసులు" అంది మేడం. "చూసిన దినమే నాకు తెలుసు అబద్ధమని."

"తెలిసే బహుమానం ఇస్తిరా మేడం?"

"అందరూ ఎనిమిదే రాసినారు. మూడు రంగుల్లో రాసింది నువ్వొక్కదానివే." మేడం ఒళ్లోని రక్షిత జుట్టు సర్దింది. "నా పుస్తకంలో నేనూ ఎనిమిదే రాసినాను తాయమ్మా. పొద్దున ఎనిమిదికి ఇల్లు వదిలితే మళ్లీ ఇంటికి పోయేదాకా గుక్క తాగను. అయిదు కేంద్రాలు, అయిదింట్లోనూ సగం తలుపులే. పోయిన ఏడాది కిడ్నీలో రాయి తీసినారు నాకు. ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు."

మునివెంకటమ్మ నోట్లోంచి కొంగు జారిపోయింది. "మరి ఆ కాగితం ఎందుకు కదల్లేదు మేడం?"

"ట్రస్టు సెక్రటరీ బదరీనాథ్ సార్ ముందర ఆ మాట ఎట్ల ఎత్తేది? పెద్దమనిషి. బల్ల చుట్టూ అందరూ మగవాళ్లే. ప్రతి మీటింగుకూ సంచిలో పెట్టుకోని పోతాను, సంచిలోనే తిరిగొస్తాది." ఆమె సంచి తెరిచి చూపింది. నాలుగు మడతలు పడి, అంచులు నలిగి, కాగితం అక్కడే ఉంది.

తాయమ్మకు కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ ఆ ముఖం చూస్తుంటే కోపం నిలబడలేదు. తను వేలు ఎత్తడానికి నాలుగేళ్లు పట్టింది కదా.

మేడం లేచి చీర సర్దుకుంది. వీధివైపు చూసింది. "ఆ ముసలాయన నన్ను పోనిస్తాడా?" అని అడిగింది.

"పోనిస్తాడు మేడం" అంది మునివెంకటమ్మ. "లెక్క మాత్రం చెప్తాడు."

మరుసటి సోమవారం ట్రస్టు మీటింగు. జలజ మేడం పిలిచిందని అయిదు కేంద్రాల పదిమందీ వచ్చి గోడ పొడుగునా నిలబడ్డారు. పిల్లల దగ్గర ఆ పూటకు అమ్మమ్మలు కూర్చున్నారు. బల్ల దగ్గర కార్యదర్శి బదరీనాథ్ సార్, నలుగురు పెద్దమనుషులు, ఒక పక్క శ్రీరక్ష. బల్ల మీద ఒక్కొక్కరి ముందూ ఒక్కొక్క నీళ్ల సీసా ఉంది. బదరీనాథ్ సార్ మంచి మనిషే, బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. క్షేమం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, రెండు గుక్కలు తాగి, "ఇంకేమైనా ఉందా?" అన్నాడు. ఏమీ ఉండదని తెలిసి అడిగే ప్రశ్న అది.

జలజ మేడం లేచి నిలబడింది. ఆమె చేయి మెల్లగా పైకి లేచింది, అందులో చిటికెన వేలు ఒక్కటే నిలబడింది.

గోడ దగ్గర తాయమ్మ వేలు లేచింది. తర్వాత మునివెంకటమ్మది. తర్వాత ఒక్కొక్కటే, పదీ లేచాయి.

బదరీనాథ్ సార్ ముఖం విప్పారింది. "బలే, శ్రీరక్ష గారు నేర్పించినట్టున్నారు. ఇది ఏ ముద్ర?" అని తన చిటికెన వేలు కూడా ఎత్తాడు. ఆయన్ని చూసి మిగతా పెద్దమనుషులూ ఎత్తారు.

"ముద్ర కాదప్పా" అంది మునివెంకటమ్మ. "ఒంటికి పోవల్ల మేము. నాలుగేండ్లాయె."

పెద్దమనుషుల వేళ్లు ఒక్కొక్కటే దిగాయి. గోడ దగ్గరి వేళ్లు దిగలేదు. బదరీనాథ్ సార్ తన ముందున్న సీసాను చూశాడు, మూత బిగించి పక్కకు జరిపాడు. శ్రీరక్ష తన పుస్తకం తీసి, 'ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు' అన్న గడికి పైన ఇంకో గడి గీసింది. అందులో, 'తాగితే పోవడానికి చోటుందా' అని రాసింది. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. జలజ మేడం సంచిలోని కాగితం ఆ రోజే బల్ల మీదికి వచ్చింది, ఆ రోజే సంతకం పడింది.

పనికి నెల పట్టింది. గడప దాటనక్కర లేకుండా వెనక వసారాలోనే కట్టారు. నిండు తలుపు, లోపల గడియ. మొదటి రోజు మునివెంకటమ్మ పని లేకపోయినా లోపలికి పోయి, గడియ వేసి తీసి, వేసి తీసి, శబ్దం విని వచ్చింది.

ఆ రోజు పది గంటలకు తాయమ్మ స్టీలు సీసా మూత తీసి గ్లాసులో నీళ్లు పోసుకుంది. దొంగలా ఒక చుక్కతో ఆగకుండా మొత్తం తాగింది. అంత రుచిగా ఉంటాయని మరిచిపోయింది ఆమె. సాయంత్రానికి అలా మూడు గ్లాసులయ్యాయి. పుస్తకంలో మూడనే రాసింది, ఒకే పెన్నుతో. 'మనసుకు బరువైనది' అన్న గడిలో ఎప్పుడూ రాసే మాట రాయబోయి ఆగింది. కిడ్నీ భయం, డాక్టరమ్మ మాట, అన్నీ రాసింది. గడి చాలక పక్క గడిలోకి కూడా పోయింది.

కానీ అది సాయంత్రం సంగతి. అంతకు ముందు, పదకొండింటికి, పిల్లల మధ్య కూర్చున్న తాయమ్మకు మొదటి గ్లాసు పని మొదలుపెట్టింది. ఆమె లేచింది. నేర్పినవాళ్లు తప్పకూడదు గనక, రక్షిత ముందు నిలబడి చిటికెన వేలు ఎత్తింది.

రక్షిత బలపం కింద పెట్టి ఆమెను పైనుంచి కింది దాకా చూసింది.

"పో" అంది. "పోయి చేతులు కడుక్కోని రా."